మిర్కాబ్ మేడ మీద పొద్దుపొడుపు



ముందు ఒక నిజం ఒప్పుకుంటాను. మన గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలంటే నాకు మహా విసుగు. ఒక గులాబీ, దాని మీద మంచుబొట్టు, వెనకాల ఏ దేశానిదో తెలియని సూర్యుడు, కింద ఒక నీతి వాక్యం. అదే బొమ్మ ఏడు గ్రూపుల నుంచి ఏడుసార్లు వస్తుంది. ఫోన్ నిండిపోయిందని గోల పెట్టినప్పుడల్లా వాటిని ఏరి తీసేయడానికే నా శుక్రవారం సగం పూట పోతుంది. (పంపే వాళ్ళు కోప్పడకండి. మీ ప్రేమ నాకు తెలుసు. మీ గులాబీలే ఎక్కువైపోయాయి.)

అలాంటి నేను కొన్నేళ్ళుగా దాదాపు రోజూ సూర్యుడి ఫోటో తీసి ఒక మనిషికి పంపుతున్నాను. పోయిన వారం వేలు తగిలి ఆ ఫోటో మన గ్రూపులో పడింది. వెంటనే తీసేద్దామనుకునే లోపే "ఎక్కడిదక్కా?", "ఏ యాప్‌తో తీశారు?", "ఇది కువైటేనా, నమ్మమంటారా?" అని ఒకటే ప్రశ్నలు. అందుకే ఈ వారం వంటా లేదు, ఇఖామా రెన్యువల్ కబుర్లూ లేవు. ఆ ఫోటో సంగతే చెప్తాను.

మేముండేది మిర్కాబ్‌లో ఒక పాత బిల్డింగు, నాలుగో అంతస్తు. మిర్కాబ్ అంటే మీలో చాలామందికి బస్సులు మారే చోటు, శుక్రవారం సాయంత్రం కాలు పెట్టడానికి సందు దొరకని చోటు. ఇక్కడ పొద్దుపొడుపేమిటి అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నాను, ఆ పేరుకి అర్థం తెలిసేదాకా. అరబ్బీలో మిర్కాబ్ అంటే నిలబడి దూరంగా చూసే చోటట. దూరదర్శినిని కూడా అదే మాటతో పిలుస్తారు. పాత కువైట్ పట్నం పేటల్లో ఇది ఒకటి. ఊరి చుట్టూ 1920లో కట్టిన మట్టిగోడ ఉండేది. దాన్ని 1957లో కూల్చేసి గేట్లు మాత్రం ఉంచారు, ఇప్పటికీ రోడ్ల మధ్య కనబడతాయి. మిర్కాబ్ పక్క పేట షర్క్. షర్క్ అంటే తూర్పు. అంటే చూసే చోట నిలబడి తూర్పు పేట వైపు చూస్తే సూర్యుడు కనబడతాడన్నమాట. ఆ పేర్లు పెట్టిన వాళ్ళు మనకి ఎప్పుడో చెప్పేశారు. మనమే అడ్రసులుగా చదివి ఊరుకున్నాం.

మా మేడ మీద చూడ్డానికి ఏమీ ఉండదు. నీళ్ళ ట్యాంకులు, ఏసీ మెషీన్లు, తుప్పు పట్టిన డిష్‌లు, ఎవరివో ఆరేసిన బనీన్లు. తలుపుకి తాళం. మా హారిస్ మొదట్లో తాళం ఇవ్వనన్నాడు, ఆడమనిషికి తెల్లవారుజామున మేడ మీద పనేంటని. రెండుసార్లు నిమ్మకాయ పులిహోర, ఒకసారి కోడి వేపుడు వెళ్ళాక తాళం చేతికొచ్చింది. ఇప్పుడు నేను ఒక రోజు వెళ్ళకపోతే ఒంట్లో బాగాలేదా అని అతనే అడుగుతాడు.

ఇది ఎట్లా మొదలైందో చెప్పాలి. చెప్పడం నాకు అంత తేలిక కాదు, అయినా చెప్తాను.

2021 నవంబరు 19. శుక్రవారం, కార్తీక పౌర్ణమి. మా ఊరు రాజంపేట దగ్గర, చెయ్యేటి ఒడ్డున. వాయుగుండం వానలకి పైనుంచి నీళ్ళు విరగబడి, ఆ తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట. మన గ్రూపులో కడప వైపు వాళ్ళకి ఈ పేర్లు చెప్తే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఇక్కడ అప్పటికి నాలుగున్నర. సెలవు రోజని నిద్రపోతున్నాం. ఫర్వానియాలో ఉండే మా పెదనాన్న కూతురు ఫోన్ చేసి, "కట్ట తెగిందంట, ఇంటికి చేసినావా?" అంది. అమ్మ ఫోన్ స్విచాఫ్. తమ్ముడిది కలవలేదు. పక్కింటి వాళ్ళది మోగి మోగి ఆగిపోయింది. గదిలో సిగ్నల్ సరిగ్గా రాదని, ఆ వంకతో మేడ మీదికి పరిగెత్తాను. ఆ రోజు ఎందుకో తలుపు తీసే ఉంది. చెప్పుల్లేకుండా వెళ్ళానని చాలాసేపటికి గానీ తెలియలేదు.

డయల్ చేస్తూనే ఉన్నాను. ఆరు దాటాక తూర్పున వెలుగొచ్చింది. ముందు ఊదారంగు, తర్వాత జామపండు లోపలి రంగు. ఆ తర్వాత రెండు బిల్డింగుల మధ్య సందులోంచి సూర్యుడు పైకొచ్చాడు, కడిగి పెట్టిన రాగి చెంబులాగా. అంత అందమైన పొద్దుని నేను అంతకు ముందు చూడలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. మా ఊరిని దాటుకునే కదా ఇటొచ్చావు, అక్కడేం జరిగిందో చూసే ఉంటావు, ఇంత ముస్తాబై ఎట్లా వచ్చావు అని పైకే తిట్టాను. పక్క బిల్డింగు మేడ మీద బట్టలు ఆరేస్తున్న బంగ్లాదేశ్ కుర్రాడు బిత్తరపోయి నన్నే చూశాడు.

ఎనిమిదింటికి తమ్ముడు ఎవరి ఫోన్ నుంచో చేశాడు. అమ్మ ఎదురింటి మిద్దె మీద ఉంది. ఎనుములు మూడూ పోయాయి. వంటింటి గోడ పోయింది. అమ్మ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళల్లో అందరికీ ఆ మాట వినే అదృష్టం లేదు.

ఆ రోజు నేను ఫోటో తీయలేదు. తీయాలన్న ఆలోచనే రాలేదు.

ఇల్లు మళ్ళీ నిలబెట్టడానికి ఎన్ని దీనార్లు పంపామో, ఎవరి దగ్గర అప్పు చేశామో ఇక్కడ వద్దు. మీ అందరికీ అలాంటి లెక్కల పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. నన్ను తినేసింది ఇంకొకటి. అమ్మకి తెల్లవారడం అంటే భయం పట్టుకుంది. పుట్టినప్పటి నుంచి కోడి కూయకముందే లేచి, కళ్ళాపి చల్లి, ముగ్గేసి, తూర్పుకి తిరిగి దండం పెట్టుకున్న మనిషి. మూడింటికే మెలకువ వచ్చి మంచం మీద కూర్చునేదట. నీళ్ళ చప్పుడు వినబడుతోందనేదట. ఏటి వైపు వెళ్ళడం మానేసింది. ఆసుపత్రిలో నిద్రకి మాత్రలిచ్చారు. వేసుకునేది కాదు, నిద్రలో నీళ్ళొస్తే ఎట్లా అని.

ఒకరోజు ఫోన్‌లో తనే అంది: "ఈడ తెల్లారుతాంటే నాకు గుండె దడ పాపా. మీ కాడ తెల్లారినాక చెప్పు. అప్పుడు ఇంగ ఏం కాదులే అనిపిచ్చాది."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత గడియారం చూసుకుంటే తెలిసింది. మనకీ ఇండియాకీ రెండున్నర గంటల తేడా అని మనకి నోటికొచ్చు. అది గడియారాల తేడా. సూర్యుడి లెక్క వేరు. జూన్‌లో ఇక్కడ నాలుగు యాభైకే పొడుస్తాడు, జనవరిలో ఆరూ నలభై దాటాలి. మా ఊళ్ళో పొద్దు పొడిచిన గంటన్నరకే వేసవిలో ఇక్కడికొస్తాడు, చలికాలంలో రెండున్నర గంటలు తీసుకుంటాడు. ఎప్పుడైనా సరే, ఇక్కడ తెల్లారిందంటే మా అమ్మ దగ్గర ఆ పాడు గంట దాటిపోయినట్టే. ఆమెకి కావలసింది అందమైన బొమ్మ కాదు. ఈ రోజుకి గండం గడిచిందని ఒక రసీదు.

మర్నాడు హారిస్‌ని తాళం అడిగాను.

మొదటి ఫోటోలు ఘోరం. సూర్యుడు గుడ్డులో తెల్లసొనలాగా చెదిరిపోయి, చుట్టూ అంతా నలుపు. ఎవరూ నేర్పలేదు, తప్పులు చేసి నేర్చుకున్నాను. యాప్ అడిగిన చెల్లెళ్ళ కోసం చెప్తున్నా, యాప్ ఏమీ లేదు. ఫోన్ తెర మీద సూర్యుడి పక్కన వెలుగున్న చోట వేలు పెట్టి నొక్కండి. పక్కన చిన్న గీత వస్తుంది, దాన్ని కిందికి లాగితే వెలుగు తగ్గి రంగులు బయటికొస్తాయి. జూమ్ చేయొద్దు. సూర్యుడు చిన్నగా ఉంటేనే ఆకాశం పెద్దగా కనబడుతుంది. పైకొచ్చి తెల్లబడ్డాక ఫోన్‌లో అయినా సరే, కళ్ళతో అయినా సరే, అదే పనిగా చూడకండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంకో తంటా ఉంది. ఏసీ గదిలోంచి చల్లటి ఫోన్ తీసుకుని బయటి ఉక్కలోకి వస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. నేను చాలా రోజులు ఫోన్ పాడైందనే అనుకున్నాను. ఓ పది నిమిషాలు ముందే వచ్చి, మెత్తటి గుడ్డతో తుడుచుకుని నిలబడితే సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పక్కవాళ్ళ కిటికీలు, మనుషులు ఫోటోలో పడకుండా చూసుకోండి. ప్రభుత్వ భవనాల వైపు అసలు ఫోన్ ఎత్తొద్దు. పరాయి దేశం, ఒక ఫోటో కోసం లేనిపోని తలనొప్పి మనకెందుకు?

రోజూ ఒకేచోట నిలబడితే ఇంకొకటి తెలిసింది. సూర్యుడు రోజూ ఒకేచోట పొడవడు. చదువుకున్న వాళ్ళకి ఇది వింత కాదేమో, నాకు మాత్రం కళ్ళారా చూసేదాకా తెలియదు. జూన్‌లో ఉత్తరానికి జరిగి షర్క్‌లోని అల్ హమ్రా టవర్‌కి దగ్గర దగ్గరగా వస్తాడు. ఆ టవర్ మీరు చూసే ఉంటారు, 414 మీటర్లు, ఒక అంచు పైట చుట్టుకున్నట్టుంటుంది. చలికాలానికి దక్షిణంగా జరుగుతూ జరుగుతూ మా పక్క బిల్డింగు ట్యాంకుల వెనక్కి పోతాడు. అప్పుడు ఫోటోకి నేనే మేడ ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి.

మాకు సూర్యుడి కంటే ముందు సూర్యుడి వార్త వస్తుంది. మా వెనకాల లిబరేషన్ టవర్ ఉంది కదా, 372 మీటర్లు. దాని కొసకి నేల మీద ఉన్న మనకంటే దాదాపు మూడు నిమిషాల ముందే ఎండ తగులుతుంది. ఎత్తున్న వాళ్ళకి ముందు కనబడుతుంది, అంతే లెక్క. నేను తూర్పు చూడటం మానేసి ముందు ఆ కొసని చూస్తాను. అది గులాబీరంగుకి మారగానే ఫోన్ బయటికి తీస్తాను.

ఆ టవర్ సంగతి వచ్చింది కాబట్టి మా కుట్టు దుకాణంలో మాస్టర్ గురించి చెప్పాలి. రాయచోటి మనిషి, మేమంతా చాచా అంటాం. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు ఇక్కడే ఉన్నాడు. ఆ టవర్ అప్పటికి సగం కట్టి ఉందట. అమ్మాన్ దాకా బస్సుల్లో పడుతూ లేస్తూ వెళ్ళి, అక్కడ ఎయిరిండియా విమానం ఎక్కిన లక్షా డెబ్భై వేల మందిలో ఆయన ఒకడు. తర్వాతి ఏడాది, యుద్ధం అయిపోయాక, పాత బాకీ వసూలు చేసుకుందామని మళ్ళీ వచ్చాడు. అప్పటికి ఆరువందలకు పైగా నూనె బావులు తగలబడుతూ ఉన్నాయి. చివరిది ఆరింది 1991 నవంబరు 6న. గాలి ఊరి వైపు తిరిగిన రోజు మిట్టమధ్యాహ్నం కార్లు లైట్లు వేసుకుని తిరిగేవట, దుకాణంలో బల్బు కింద కూర్చుని సూదిలో దారం ఎక్కించేవాడట. "పొద్దు ఎప్పుడు పొడిచిందో ఎప్పుడు కుంకిందో తెలిసేది కాదమ్మా" అన్నాడు. నా ఫోటోలు చూపిస్తే కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే చూశాడు. బాగున్నాయనీ అనలేదు, బాగాలేవనీ అనలేదు. "మసి లేదు" అన్నాడు. నాకొచ్చిన మెచ్చుకోళ్ళన్నిటిలో అదే గొప్పది.

మసి లేదు గానీ దుమ్ము ఉంది. ఇక్కడి సంగతి మీకు తెలియనిదా! వాయవ్యం నుంచి షమాల్ గాలి వీచిందంటే తెల్లారినా తెల్లారినట్టుండదు. సూర్యుడు ఎర్రగా రాడు, పాలిపోయి చందమామలా వేలాడతాడు. మొదట్లో ఆ రోజుల్లో ఫోటో పంపేదాన్ని కాదు, ఏం బాగుంటుందని. ఒకసారి వరసగా రెండు రోజులు దుమ్ము. రెండో రోజు వదిన ఫోన్ చేసింది. అమ్మ పొద్దున్నుంచి టిఫిన్ ముట్టలేదు, ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చుందని. అప్పటి నుంచి ఎట్లాంటి పొద్దైనా పంపుతాను. దుమ్ము పొద్దు, మబ్బు పొద్దు, ఒకరోజు కొంగలాంటి పిట్ట అడ్డొచ్చిన పొద్దు. వేసవిలో మేడ మీద నాలుగున్నరకే ఒళ్ళంతా చెమట. 2016 జూలైలో ఇదే దేశంలో మిత్రిబా దగ్గర 53.9 డిగ్రీల ఎండ కాసింది. అలాంటి ఎండ మోయబోయే రోజు కూడా మొదటి పది నిమిషాలు ఎంత మెత్తగా ఉంటుందో మేడ ఎక్కిన వాళ్ళకే తెలుస్తుంది.

మావారికి ఇది పిచ్చి అనిపించింది. ఆయన డెలివరీ వ్యాన్ నడుపుతారు, నిద్ర చాలదు. "బతకడానికొచ్చి ఫోటోలేంటి?" అన్నారు. న్యాయమే. ఫోటో వల్ల నాకు ఆలస్యమయ్యే జీతం ముందు రాదు. తిరుపతి హాస్టల్లో ఉన్న పిల్లాడి ఫీజు తగ్గదు. నేను వాదించలేదు. అయితే మొన్న అర్ధరాత్రి డ్యూటీ దిగి వస్తూ దారిలో వ్యాన్ ఆపి, గల్ఫ్ రోడ్డు మీద కువైట్ టవర్స్ వెనక పొద్దు పొడుస్తుంటే తీసి నాకు పంపారు. మాట ఏమీ లేదు, ఫోటో ఒక్కటే. కొంచెం వంకరగా ఉంది. నేనూ ఏమీ అనలేదు.

పోయిన వారం పొరపాటు ఫోటో చూసి గోదావరి జిల్లా చెల్లెలొకామె నాకు విడిగా మెసేజ్ పెట్టింది. ఇంట్లో పని చేస్తుంది. పేరు వద్దు, ఇల్లు ఎక్కడో వద్దు. "అక్కా, నాకు మేడ లేదు, తలుపు దాటి బయటికి రావడం లేదు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం ఒక్కటే తూర్పుకుంది" అని రాసింది. ఆమెకి ఏం జవాబివ్వాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు ఆమే ఒక ఫోటో పంపింది. సూర్యుడు లేడు అందులో. గిన్నెల స్టాండులో బోర్లించిన స్టీలు పళ్ళెం, దాని మీద ఫ్యాన్ రెక్కల సందుల్లోంచి పడిన ఎండ, అయిదు చీలికలుగా, పసుపు ముద్దలాగా. కింద "ఆరూ పదికి వచ్చింది, ఆరూ పన్నెండుకి పోయింది" అని రాసింది. నా దగ్గరున్న వందల ఫోటోల్లో అట్లాంటిది ఒక్కటి లేదు. ఆమెను అడిగే ఈ సంగతి రాస్తున్నాను.

ఇప్పుడు అక్టోబరు. ఇక్కడి వాళ్ళు ఎండాకాలం పోయిందని సుహైల్ నక్షత్రాన్ని చూసి చెప్తారు. ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో తెల్లవారకముందు దక్షిణాన కింది వారగా కనబడుతుంది. అది మన అగస్త్య నక్షత్రమే. అగస్త్యుడు కనబడితే ఏటి నీళ్ళు తేటపడతాయని మా అమ్మ చిన్నప్పుడు చెప్పేది. ఈ మాట ఫోన్‌లో గుర్తు చేస్తే చాలాసేపు మాట్లాడలేదు. ఏటి మాట ఎందుకెత్తానా అని నాలుక కరుచుకున్నాను. మా వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పడేది ఇప్పుడే కదా. ఈ రెండు మూడు నెలలూ ఆమెకి మళ్ళీ మూడింటికే మెలకువ.

మొన్న మంగళవారం నాకు జ్వరం. మేడ ఎక్కలేదు. ఏడింటికి లేచి, అయ్యో అమ్మ టిఫిన్ తినకుండా కూర్చుని ఉంటుందని కంగారుగా ఫోన్ తీశాను. అమ్మ దగ్గర నుంచే ఫోటో వచ్చి ఉంది, మూడు గంటల క్రితం. ఆమె నాకు ఇన్నేళ్ళలో ఒక్క ఫోటో పంపి ఎరగదు. సగం మేర ఆమె బొటనవేలే. మిగతా సగంలో చెయ్యేటి ఇసుక, ఇసుకలో సన్నటి నీటి పాయ, దాని మీద ఎర్రటి పొద్దు. ఇంటి దగ్గర నుంచి ఏరు కనబడదు. నడిచి వెళ్ళాలి.

కింద వాయిస్ మెసేజ్: "నిన్న నీ గొంతు బాగలేదు, ఈ పొద్దు నువ్వు లెయ్యవని తెలుసు. అందుకే నేనే తీసినా. ఫోన్ అడ్డం పట్టుకోవాల్నా, నిలువు పట్టుకోవాల్నా?"

అడ్డంగా పట్టుకో అన్నాను. వేలు కొంచెం పక్కకి జరుపమ్మా అన్నాను.